కణధర్మమూ మానవధర్మమూ

ఈ మధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి త్యాగం గురించి ఉపన్యసించారు. మన శరీరంలో రోజూ కోట్లాది కణాలు తమంతట తామే చచ్చిపోతాయనీ, నేనెందుకు చావాలని ఒక్క కణమూ అడగదనీ, సమష్టి కోసం వ్యష్టి ప్రాణమివ్వడమే సృష్టిధర్మమనీ ఆయన ఉపన్యాససారం. అంతటితో ఆగితే నేనీ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. మా ఊరి మిల్లులో పని పోయినవాళ్ళు నలుగురు నా వెనక వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్ళు కూడా ఈ ధర్మాన్ని గ్రహించి, సంస్థ బతకడం కోసం మనసు కష్టపెట్టుకోకుండా తప్పుకోవాలని ఆయన సెలవిచ్చారు. సభికులు చప్పట్లు కొట్టారు. ఆ నలుగురూ కొట్టలేదు. నా పక్కనున్న మా అక్కయ్య కూడా కొట్టలేదు. ఆమెకు కీళ్ళవాతం; వేళ్ళు వాచిపోయి ఉన్నాయి.

ఆయన మాటల్లో శాస్త్రమెంత, ధర్మమెంత అన్నది విడదీసి చూడాలి.

కణాలు చచ్చిపోయే మాట నిజమే. ఈ క్రమబద్ధమైన చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ‘ఎపాప్టోసిస్’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు ఆకులు రాలడమని అర్థం. గర్భంలోని శిశువుకు చేతివేళ్ళు విడివడేది వాటి నడుమనున్న కణాలు ఇట్లా రాలిపోవడం వల్లనే.

ఐతే చావమని కణానికి చెప్పేదెవరు? కబురు చేరే మార్గాలు అనేకం. వాటిలో శాస్త్రజ్ఞులు బాగా శోధించినది టి.ఎన్.ఎఫ్. గ్రాహకం–1. 12వ క్రోమోజోము మీది ఒక జన్యువు ప్రకారం ఈ ప్రోటీను తయారవుతుంది. ఇది కణం పైపొరలో కొంత బయటికీ, కొంత లోపలికీ ఉంటుంది. బయటి భాగం టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని పట్టుకుంటుంది. లోపలి భాగం ఆ కబురును కణానికి అందజేస్తుంది. టి.ఎన్.ఎఫ్. అంటే కంతిని చంపే పదార్థమని 1975లో పెట్టిన పేరు.

పేరును బట్టి ఇది మృత్యువార్త అనుకుంటాం. సాధారణంగా కాదు. కబురు అందగానే గ్రాహకం దగ్గర కొన్ని ప్రోటీన్లు గుమిగూడతాయి. దాని ఫలితంగా రెండు పనులు జరుగుతాయి. రోగక్రిములతో పోరాడటానికి అవసరమైన వాపును పుట్టించే పదార్థాలు తయారవుతాయి. కణం చావకుండా కాపాడే ప్రోటీన్లు కూడా తయారవుతాయి. ఆ రక్షణకు ఆటంకం కలిగినప్పుడు అదే కబురు కేస్పేజ్–8 అనే ఎంజైము ద్వారా చావుకు దారితీస్తుంది. కొన్ని వైరసులు ఆ ఎంజైమును కూడా కట్టివేస్తాయి. అప్పుడు కణం మరో మార్గాన పగిలిపోయి చుట్టూ వాపు రేపగలదు. కబురు ఒకటే, పర్యవసానాలు మూడు. ఏది జరిగేదీ కణంలోని పరిస్థితిని బట్టి ఉంటుంది.

ఇందులో త్యాగమెక్కడ ఉంది? త్యాగం చేయాలంటే చేయకపోవడానికి గూడా వీలుండాలి. కణానికి ఇష్టం లేదు, అయిష్టం లేదు, రేపటి మీద ఆశ లేదు, ఇంటి దగ్గర పిల్లలు లేరు. అది అడగదన్నారు ఉపన్యాసకులు. అడగలేదు గనక అడగదు. అడగగలిగిన మనిషిని అడగలేని కణంతో పోల్చి, అడగకపోవడాన్ని సుగుణంగా చూపించడమే ఈ వాదంలోని మర్మం.

ఈ మర్మం కొత్తది కాదు. పురుషసూక్తం వర్ణాలను ఒకే దేహంలోని ముఖానికీ, బాహువులకూ, తొడలకూ, పాదాలకూ ముడిపెట్టింది. ప్రాచీన రోములో సామాన్య ప్రజలు నగరం విడిచిపోతే మెనీనియస్ అగ్రిప్పా అనే కులీనుడు వెళ్ళి, కడుపు మీద అలిగిన అవయవాల కథ చెప్పి వాళ్ళను వెనక్కు తెచ్చాడంటారు. చెప్పేవాడు తాను పాదాన్నని ఎన్నడూ అనుకోడు. మిల్లు శరీరమైతే యజమాని కూడా అందులో ఒక కణమే గదా! రాలవలసింది ఆయనేమోనన్న సందేహం ఉపన్యాసకులకు కలగలేదు.

పోనీ, శరీరం చేసేదంతా ధర్మమేనా? అక్కయ్య కీళ్ళను తినేస్తున్నది ఆమె శరీరమే. ఆ వాపును నడిపించేవాటిలో టి.ఎన్.ఎఫ్. ముఖ్యమైనది. దాన్ని అడ్డుకుంటే రోగికి ఉపశమనం కలుగుతుందని 1990ల్లో లండనులో ఫెల్డ్‌మన్, మైనీ అనే వైద్యులు నిరూపించారు. గ్రాహకపు జన్యువులోనే దోషముంటే జ్వరాలు మళ్ళీ మళ్ళీ వస్తాయని 1999లో తేలింది. ఐతే ఆ జన్యువులో కొన్ని మార్పులున్నవాళ్ళు చాలామంది జబ్బు లేకుండానే జీవిస్తారు. కనక జన్యువు తలరాత కాదు. ప్రకృతి చేసిందే ధర్మమైతే వైద్యం అధర్మం కావాలి. ఉపన్యాసకులు తమ జ్వరానికి మందు మానుకుంటారని నేననుకోను.

అట్లాగని వాపునూ చావునూ దుష్టశక్తులుగా చిత్రించడం కూడా పొరపాటే. ఈ గ్రాహకం లేని ఎలుకలు లిస్టీరియా అనే క్రిమికి సులభంగా బలి అవుతాయని 1993లో కనుగొన్నారు. టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకునే మందు వాడినవాళ్ళలో అణగి ఉన్న క్షయ తిరగబెట్టడం 2001లో వెల్లడైంది. అక్కయ్యకు ఆ మందు ఇచ్చేముందు డాక్టరు క్షయ పరీక్షలు చేయించింది అందుకే.

ఇక మన సంగతి. ఈ తప్పు అవతలివాళ్ళు మాత్రమే చేస్తున్నారని చెప్పే అర్హత నాకు లేదు. సమాజదేహానికి పట్టిన పుండు అనీ, కుళ్ళిన అంగాన్ని కోసివేయాలనీ మనమూ రాశాం, నేనూ రాశాను. ఒక మనిషిని పుండు అన్న తరవాత అతనితో వాదించే పని మిగలదు, కోసే పనే మిగులుతుంది. పరిస్థితే ఫలితాన్ని నిర్ణయిస్తుందని గ్రాహకం రుజువు చేసిందని చంకలు గుద్దుకోవడం కూడా నాకు సమ్మతం కాదు. సమాజానికి రుజువులు సమాజంలోనే వెతకాలి. గ్రాహకం ఆ పెద్దమనిషి పక్షాన సాక్ష్యం చెప్పదు. నా పక్షానా చెప్పదు.

కణం చావుకు ఎవరూ సంజాయిషీ చెప్పనక్కరలేదు. ఆ నలుగురి కూడు పోవడానికి చెప్పాలి. అది ఏదో ఒక గదిలో, కొందరు కూర్చుని, లెక్కలు చూసి, సంతకం పెట్టి చేసిన పని. అది అవసరమే కావచ్చు, కాకపోవచ్చు. వాదించి తేల్చుకోవలసిన విషయం. ఐతే దానికి త్యాగమని పేరు పెట్టే హక్కు సంతకం పెట్టినవాళ్ళకు లేదు. తన ప్రాణాన్ని తాను ఇచ్చేది త్యాగం. ఎదుటివాడి బతుకును తీసుకోవడానికి మన భాషలో వేరే మాటలున్నాయి.