చెయ్యి వెతుక్కునే చోటు

స్కూబా డైవింగ్ సామాను తొడుక్కున్నవాళ్ళ ఎడమ భుజం మీంచి ముడతల గొట్టం ఒకటి ఛాతీ మీదకి వేలాడుతుంటుంది. దాని చివర రెండు బటన్లు. ఒకటి నొక్కితే వీపున ఉన్న సిలిండర్లోంచి గాలి జాకెట్‌లోకి వస్తుంది, మనిషి తేలతాడు. రెండోది నొక్కితే జాకెట్‌లో గాలి బయటికి పోతుంది, మనిషి మునుగుతాడు. దీన్ని ఇన్‌ఫ్లేటర్ అంటారు. ఈ గొట్టం కొన్ని సెట్లలో 30 సెంటీమీటర్లుంటే కొన్నిట్లో 40 దాకా ఉంటుంది. పడవలో కూచున్నప్పుడు ఆ జానెడు కన్నా తక్కువ తేడా ఎవరి కంటికీ ఆనదు. నీళ్ళలో దిగాక అదే పెద్ద సంగతి. పొడుగు గొట్టం, బోర్లా ఈదుతున్నప్పుడు, కిందికి జారి పక్కకి కొట్టుకుపోతుంది. చెయ్యి దాన్ని వెతుక్కోవాలి. పొట్టిదైతే ఛాతీ మీదే దొరుకుతుంది గానీ, గాలి వదలాలంటే గొట్టం చివరని పైకెత్తాలి కదా, అది మరీ పైకి లేవదు. మనిషే ఒళ్ళు నిలువు చేసుకోవాలి.

ఎందుకింత పట్టింపు అంటే, లోతు పెరిగే కొద్దీ గాలి నలుగుతుంది. పది మీటర్ల లోతున పీడనం పైనున్నదానికి రెట్టింపు. అక్కడ జాకెట్‌లో ఒక లీటరున్న గాలి పైకొచ్చేసరికి రెండు లీటర్లవుతుంది. బాయిల్ 1662లో చెప్పిన సూత్రమే, మనం తొమ్మిదో తరగతిలోనో పదకొండులోనో బట్టీపట్టిందే. పైకి వచ్చేటప్పుడు ఉబ్బుతున్న గాలిని కొంచెం కొంచెంగా వదులుతూ రాకపోతే మనిషి బెండులాగా పైకి తన్నుకొస్తాడు. భయంతో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులే చిరగొచ్చు. ఆ క్షణాన బటన్ కోసం కళ్ళు వెతకవు, చెయ్యే పోతుంది. ఎక్కడికి పోతుంది? నిన్నటిదాకా ఎక్కడ ఉండేదో అక్కడికి.

ఫ్రెంచి తత్వవేత్త మెర్లో పొంటీ 1945లో వచ్చిన తన పుస్తకంలో ఒక ఆర్గన్ వాద్యకారుడి సంగతి రాశాడు. కొత్త చర్చిలో ఆర్గన్ వేరేగా ఉంటుంది, మెట్ల వరసలు వేరు, మీటల చోట్లు వేరు. అయినా ఒక గంట సాధన చేస్తే చాలు, ఆయన వాయించేస్తాడు. ఆ గంటలో ఏ మీట ఎక్కడుందో బుర్రలో జాబితా రాసుకోవడం లేదు, ఆ వాద్యాన్ని తన ఒంట్లో కలుపుకుంటున్నాడు అంటాడు మెర్లో పొంటీ. అలవాటు అంటే ఒంటికి తెలిసిన జ్ఞానం అని ఆయన వాదం. నాకు నచ్చిన వాదమే. కానీ ఆర్గన్ ముందు ఆయన ఒక్కడే కూచుని ఉన్నాడు. తప్పు మీట నొక్కితే అపస్వరం పలుకుతుంది, అంతే. అలవాటు గురించి తత్వవేత్తలు రాసినవాటిలో చాలామటుకు ఇట్లాగే ఒంటరి మనిషే కనిపిస్తాడు. నా అలవాటు నా సొంతం, మార్చుకుంటే నా గొప్ప, మార్చుకోకపోతే నా ఖర్మ.

ఇది ఎంతవరకు నిజం అన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు నాకు సముద్రం దగ్గర కాక, పుంగనూరు పక్క ఒక దిగుడుబావి దగ్గర దొరికింది.

మా సీమకి సముద్రం లేదు. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. నీళ్ళంటే చెరువు, బావి. బోర్లు దిగి బావులన్నీ ఎండిపోకముందు పిల్లలు ఈత నేర్చుకుంది వాటిలోనే, వీపుకి ఎండిన సొరబుర్ర కట్టుకుని. సొరబుర్ర అంటే మా పాలిటి జాకెట్. లోపల గాలి, బయట గట్టి పెంకు, తేడా ఏమిటంటే దీనికి బటన్ లేదు. పిల్లవాడికి కాస్త ఈత వచ్చాక బుర్ర చిన్నది కడతారు, ఆ తర్వాత తీసేస్తారు. దాన్ని ఒంటికి కట్టే తాడు ముడి ఎక్కడ వెయ్యాలన్నది ఒక్కొక్కరి సౌకర్యం. ముందుకి వేసుకుంటే పొట్ట మీద ఒరుసుకుంటుంది, పక్కకి వేసుకుంటే చెయ్యి ఆడదు. మా చిన్నాయన మాత్రం ఎవురి సౌకర్యమూ వినేవాడు కాదు. పిల్లలందరికీ ముడి ఒకే చోట, కుడి డొక్క మీద. నేను గొణిగితే ఆయనన్న మాట:

“నీ యిష్టమొచ్చిన కాడ ముడేసుకుంటే కాదు రా అబ్బోడా. నువ్వు మునిగితే దూకి తీసేది నేను గదా. నా చెయ్యి యాడికి పోవల్లో నాకు తెలిసుండల్ల.”

నా ఒంటి మీద ముడి, ఆయన చేతి కోసం! ఆ వయసులో అది పెత్తనంలాగే అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత, కుప్పం నుంచి రైలెక్కి బెంగుళూరులో ఉద్యోగాలకి పోయొచ్చే మా తరంలో కొందరు సెలవులకి అండమాన్‌కో విశాఖకో పోయి డైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాక, అక్కడ మొదటి పాఠంలోనే మళ్ళీ అదే మాట వినబడింది. ఒంటరిగా దిగకూడదు, జోడీ ఉండాలి. దిగేముందు ఒకరి సామాను ఒకరు తడిమి చూసుకోవాలి. ఎందుకంటే లోపల నాకు స్పృహ తప్పితే నా గొట్టం పట్టుకుని, నా జాకెట్‌లో గాలి సరిచూస్తూ నన్ను పైకి తెచ్చేది జోడీయే. అప్పుడు నా బటన్లని నొక్కేది నా చెయ్యి కాదు. పాత గొట్టం పీకేసి నా ఛాతీకి సరిపోయే పొట్టి గొట్టం పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. కానీ దానికి నేనొక్కడినే అలవాటు పడితే సగం పనే అయినట్టు.

ఇక్కడ జిడ్డు కృష్ణమూర్తి గుర్తు రాకుండా ఉండడు. 1895లో మదనపల్లెలోనే పుట్టినవాడు, అలవాటు మనసుని మొద్దుబారుస్తుందని జీవితమంతా చెప్పినవాడు. బండి నడపడానికి, భాష మాట్లాడడానికి నేర్చిన జ్ఞానం కావాల్సిందేననీ, చిక్కంతా మనసులో పేరుకున్న అలవాట్లతోనేననీ ఆయనే విడదీసి చెప్పాడు. ఈ విభజన వినడానికి బాగుంటుంది. గొట్టం దగ్గరకొస్తే నాకు కుదరడం లేదు. బటన్ ఎక్కడుందన్నది సాంకేతిక విషయమే. అది ఎవరి చేతికి అందేలా ఉండాలన్నది మాత్రం ముమ్మాటికీ మనసుకి సంబంధించింది. నా సౌకర్యానికి ఇంకొకరి చెయ్యి ఎంతదూరం వెతుక్కోవాలి అన్న లెక్క అందులో ఉంది. పైగా నీళ్ళలో అలవాటు మొద్దుతనం కాదు. చెయ్యి తన పని తాను చూసుకుంటేనే కళ్ళకి పక్కవాడిని గమనించే తీరిక.

అయితే ఒక చిక్కుంది, దాన్ని దాటెయ్యడం నాకిష్టం లేదు. “పదిమంది కోసం నీ అలవాటు మార్చుకో” అనే మాటతోనే కదా మన ఇళ్ళల్లో ఎడమచేతి వాటం పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టింది. అందరూ కుడిచేత్తో తింటారు, నువ్వూ తిను. చిన్నాయన మాటకీ ఈ మాటకీ తేడా ఏమిటి? చాలా రోజులు నాకు తెగలేదు. ఇప్పుడు ఒకటి తోస్తోంది: నన్ను తియ్యడానికి నీళ్ళలోకి దిగేవాడికి నా ముడి మీద మాట చెప్పే హక్కు ఉంటుంది. గట్టు మీద కూచున్నవాడికి ఉండదు. పిల్లవాడు ఎడమచేత్తో తింటే పక్కవాడికి పొయ్యేది ఏమీ లేదు. అక్కడ అడిగేది లొంగుబాటు. బావిలో చిన్నాయన అడిగింది తన చేతికి దారి. ఇది అన్నిచోట్లా పనికొచ్చే కొలబద్ద అని చెప్పను. పెత్తనం చేసేవాళ్ళందరూ తాము నీళ్ళలోనే ఉన్నామని చెప్పుకుంటారు, అదే దీనిలో లొసుగు.

హక్కున్నా, అది కూడా ఒకవైపుదే కాకూడదు. పర్యాటకుల రేవుల్లో రోజంతా దిగే గైడ్ల సంగతి చూడండి. వచ్చినవాళ్ళకి అద్దె సామాను. ఒకడిది పొడుగు గొట్టం, ఇంకొకడిది పొట్టి, మూడోవాడిది బటన్లు వేరే తీరు. డబ్బు కట్టి దిగినవాడు తన ఒక్క గొట్టానికి అలవాటు పడలేక విసుక్కుంటాడు. గైడు మాత్రం తన పట్టులో ఉన్న ప్రతివాడి గొట్టాన్నీ చేతికి ఎక్కించుకునే దిగాలి. అలవాటు పడే బరువంతా తక్కువ జీతం వాడి మీదే పడుతుందన్నమాట. దీని గురించి డైవింగ్ వాళ్ళు పెద్దగా మాట్లాడరు.

గొట్టం మార్చినవాళ్ళకి అనుభవజ్ఞులు చెప్పేది చాలా మామూలు సంగతి. ముందు గట్టు మీద సామాను తొడుక్కుని, కళ్ళు మూసుకుని, చేత్తో పదే పదే దొరకబుచ్చుకోండి. సిలిండర్ నుంచి వచ్చే సన్న గొట్టం కూడా కొత్త పొడవుకి సరిపోయిందో లేదో చూసుకోండి, పొట్టిదైతే లాగి పట్టేస్తుంది. తర్వాత నిలబడితే తల పైనుండే నీళ్ళలో చెయ్యండి, ఆ తర్వాతే లోతుకి. నేను దీనికి ఒకటి కలుపుతాను: ఆ గట్టు మీదే జోడీని కూడా పిలిచి, కళ్ళు మూసుకోమని, నా గొట్టం వెతకమంటాను. మొదటిసారి చాలామంది చెయ్యి నా పాత గొట్టం ఉండిన చోటుకే, డొక్క దగ్గరికి పోతుంది. నాలుగోసారికో అయిదోసారికో ఛాతీ మీదికి వస్తుంది. అప్పుడు దిగుతాం.