ముడత పడని టై ఎవరి కోసం?



ఈసారి నేను వ్రాస్తున్న సంగతి చూచి కొందరు నవ్వవచ్చును. మెడకు కట్టుకొనే టై గురించి, ఆ టై ముడత పడకుండా దాచుకొనే పెట్టె గురించి వ్రాస్తున్నాను. ఈ వయస్సులో ఈయనకు ఇదేమి విచారము అని అనుకోవద్దు. నేను ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు పాఠములు చెప్పినవాడను. చిన్న వస్తువును చేత పట్టుకొని దాని నుండి పెద్ద ప్రశ్నకు వెళ్లడం మాకు ఉపాధ్యాయ శిక్షణలో నేర్పిన పద్ధతి. నా ప్రశ్న ఇది: వస్తువును జాగ్రత్తగా దాచుకోవడం మంచి గుణమే గదా, మరి ఆ మంచి గుణము ఎక్కడ చెడ్డదిగా మారుతుంది?

ముందు టై సంగతి చెప్పుకొందాము. 1618 నుండి 1648 వరకు యూరపులో సాగిన ముప్పయ్యేండ్ల యుద్ధ కాలములో, ఫ్రాన్సు రాజు కొలువులో చేరిన క్రొయేషియా సైనికులు మెడకు గుడ్డ కట్టుకొనేవారు. ఫ్రెంచివారు దానిని చూచి ముచ్చటపడి తామూ కట్టుకొని, ఆ సైనికుల జాతి పేరు మీదనే దానిని క్రవాత్ అని పిలిచారు. కాలక్రమమున అది సన్నబడి, పొడవై, నేటి టై అయ్యింది. 1920ల దశకములో న్యూయార్కులో జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ అనే టైల తయారీదారు, గుడ్డను పోగు వెంబడి నిలువుగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కుట్టే పద్ధతి తెచ్చాడు. ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ లాగితే సాగుతుంది, వదిలితే మరల తన రూపానికి వస్తుంది. మంచి టై లోపల ఉన్ని కలిసిన మెత్తని గుడ్డ ఒకటి ఉంటుంది. వెనుక భాగమును కలుపుతూ ఒకే పొడవాటి దారము వదులుగా పోతుంది. కొన్ని టైలను తిరగవేసి చూస్తే కొసలో ఆ దారము చిన్న ఉచ్చువలె కనిపిస్తుంది. చాలామంది అది ఊడిపోయిన దారమనుకొని కత్తిరిస్తారు. కత్తిరించరాదు. ఆ వదులు ఉన్నందుననే టై మెలి తిరగక నిలుస్తుంది.

మరి ముడత ఎందుకు పడుతుంది? ముడి బిగించినప్పుడు గుడ్డ నలుగుతుంది. దానికి మెడ వేడి, చెమట తోడవుతాయి. పట్టుపోగులను లోలోపల పట్టి ఉంచే సన్నని బంధములు తేమకు, వేడికి సడలి, ఆరిన తరువాత కొత్త రూపములో గట్టిపడతాయి. అందుచేత సాయంకాలము విప్పకుండా వదిలిన ముడి మరునాటికి ముద్ర వేసినట్లు నిలిచిపోతుంది. ముడి వేయడం సరిగా రాదు గనుక ఒకసారి వేసిన ముడిని అలాగే ఉంచి, తలమీదుగా తీసి మేకుకు తగిలించేవారు మనలో ఎందరో ఉన్నారు. నేనూ మొదటి రెండేండ్లు అదే చేశాను.

విప్పేటప్పుడు సన్న కొసను పట్టి లాగివేయరాదు. వేసిన దారినే వెనుకకు ఒక్కొక్క మలుపూ విప్పవలెను. విప్పిన టైకి ఒక దినమైనా విశ్రాంతి ఇయ్యవలెను. పట్టు టైని వ్రేలాడదీయవచ్చును లేక వదులుగా చుట్టి పెట్టవచ్చును. అల్లిక టైని మాత్రము వ్రేలాడదీస్తే తన బరువుకు తానే సాగిపోతుంది గనుక చుట్టి పెట్టవలెను. ఇస్త్రీ పెట్టెను పట్టు మీద నేరుగా ఆనించరాదు. కొంచెము దూరము నుండి ఆవిరి తగిలిస్తే ముడత సడలుతుంది. ముడతను బిగించిన తేమ, వేడి అనే ఆ రెండే దానిని విప్పుతాయి.

ఈ పని కోసము రకరకాల సాధనములు వచ్చాయి. బీరువా తలుపు లోపల బిగించే కొయ్య మేకుల పట్టీ ఒకటి. మీట నొక్కితే బ్యాటరీతో గుండ్రముగా తిరిగేది మరియొకటి. ప్రయాణములకైతే పుస్తకమువలె తెరుచుకొనే తోలు పెట్టె ఉన్నది. అందులో టైని రెండుగానో నాలుగుగానో మడిచి, రబ్బరు పట్టీల క్రిందికి దూర్చి మూసివేస్తారు. ఇది మన ఇండ్లకు కొత్త విద్య ఏమీ కాదు. కంచి పట్టుచీరను నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకొకసారి బయటికి తీసి, గాలికి ఆరబెట్టి, పాత మడత మీద కాక వేరే మడత వేసి పెట్టడం మన తల్లులకు, అవ్వలకు తెలిసినదే. ఒకే మడత మీద ఏండ్ల తరబడి ఉంచితే జరీ అక్కడ విరుగుతుంది.

ఇప్పుడు ప్రశ్నకు వద్దాము. మెడలో ఊరక వ్రేలాడే గుడ్డకు ఇంత సేవ అవసరమా అని అడిగేవారున్నారు. ఆ మాటలో బలము లేకపోలేదు. జపాను ప్రభుత్వము 2005 వేసవిలో కార్యాలయములలో ఏసీని 28 డిగ్రీల వద్ద ఉంచి, టై, కోటు లేకుండా పనికి రమ్మని చెప్పింది. 2017లో బ్రిటిషు కామన్స్ సభ స్పీకరు పురుష సభ్యులకు టై తప్పనిసరి కాదన్నాడు. 2021 ఫిబ్రవరిలో న్యూజీలాండు పార్లమెంటులో ఒక మావోరీ సభ్యుడు టైని వలస పాలన వేసిన ఉరిత్రాడుగా భావించి కట్టుకొనక, తన జాతి ఆభరణమును మెడలో వేసుకొని వచ్చాడు. ఆయనను సభ నుండి బయటికి పంపారు. మరునాడే ఆ నియమము తీసివేయబడింది. దొరల టైని చేసిన చోటే అది సడలిపోతూ ఉంటే మనకెందుకు దీని మీద మోజు అని అడగవచ్చును.

నా జవాబు నా తండ్రి బ్రదుకు నుండి చెప్పవలసి యున్నది. మాది కోలారు బంగారు గనుల ఊరు. మా తాత కాలములో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబము. 1956లో మైసూరు ప్రభుత్వము గనులను చేతిలోకి తీసుకొనేవరకు జాన్ టేలర్ కంపెనీ వాటిని నడిపింది. ఆ దినములలో టై పైన ఉన్నవారిది. భూమి లోపలికి దిగినవారికి టై లేదు. మా నాన్న లోపలికి దిగినవాడు. 1981లో నాకు మాస్టరు ఉద్యోగము వచ్చి మొదటి దినము టై కట్టుకొన్నప్పుడు ఆయన ఏమీ అనలేదు. గుమ్మము దగ్గర నిలబడి నేను సందు మలుపు తిరిగే వరకు చూచాడు. ఆ మావోరీ సభ్యునికి అది ఉరిత్రాడు. మా నాన్నకు అది తన కుమారుడు ఎండలో వెలుతురులో బ్రదుకుతాడనే నమ్మకము. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేను అనలేను. వస్తువు ఒకటే, అది నిలిచిన చోటు వేరు. అందుచేత టైని కట్టుకొనేవాడు గర్విష్ఠి అని గాని, దానిని బాగుగా ఉంచుకొనేవాడు ఆడంబరుడని గాని తొందరపడి తీర్పు చెప్పరాదు.

మరియొక ఆక్షేపణ కలదు. టై ఇస్త్రీగా, మనస్సు ముడతలుగా ఉంటే ఏమి లాభము అంటారు. నిజమే. పైన నున్నగా ఉండి లోపల నలిగియున్న మనుష్యులను మనము చూడలేదా? ఆదివారము ఉదయము అద్దము ముందు నిలబడి నేనూ అటువంటివాడనే అనుకొన్న దినములు ఉన్నాయి. అయినను ఈ మాటను తిరగవేస్తే నిలవదు. ముడతల టై కట్టుకొన్నంత మాత్రమున మనస్సు నిర్మలమైనదని ఋజువు కాదు. నోటుబుక్కు శుభ్రముగా ఉండి లెక్క తప్పైతే నేను మార్కులు వేయలేదు. నోటుబుక్కు మురికిగా ఉన్నందున తప్పు లెక్క ఒప్పూ కాలేదు. శుభ్రత వేరు, సత్యము వేరు. ఒకదానికి బదులుగా రెండవదానిని చూపినప్పుడే మోసము.

ఈ రెండు ఆక్షేపణలకు జవాబు చెప్పి నేను ఇక్కడే ఆగిపోయేవాడనే. అయితే మూడవది నా మీదనే ఉన్నది. దానిని చెప్పకుండా ఈ వ్యాసము వ్రాసే హక్కు నాకు లేదు.

1999లో నాతో పనిచేసే ఒక మాస్టరు, గల్ఫు నుండి తన తమ్ముడు తెచ్చిన తోలు పెట్టె ఒకటి నాకు కానుకగా ఇచ్చాడు. అందులో పెట్టడానికి తగినది కావలెనని నేను ఒక పట్టు టై కొన్నాను. నా జీతమునకు అది ఎక్కువే. రెండు పెండ్లిండ్లకు కట్టి, ఆవిరి పట్టి, మడిచి, రబ్బరు పట్టీల క్రింద పెట్టి మూసేవాడను. తరచుగా తెరిచి చూచుకొని సంతోషించేవాడను.

2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాయి. ఊరిలో ప్రతి ఇంటా మగపిల్లలు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరుకు పని వెదుక్కొంటూ పోయే కాలము వచ్చింది. మా అక్క కొడుకు అప్పుడే డిగ్రీ ముగించాడు. 2002లో ఒకనాటి సాయంకాలము వచ్చి, "మామా, రేపు బెంగుళూరులో ఇంటర్వ్యూ ఉంది. నీ పట్టు టై ఒక్క దినానికి ఇస్తావా? రాత్రికే తెచ్చి ఇచ్చేస్తా" అన్నాడు.

నేను ఆ రైలు తలచుకొన్నాను. ఆ త్రొక్కిసలాటలో, ఆ చెమటలో నా టై ఏమవుతుందో తలచుకొన్నాను. "అది పాతదైపోయింది రా, మరక పడింది, నీకు బాగుండదు" అని చెప్పాను. అబద్ధము. వాడు "పోనీలే మామా" అని వెళ్లిపోయాడు. టై లేకుండానే పోయాడని తరువాత అక్క చెప్పింది. ఆ ఉద్యోగము వానికి రాలేదు. టై లేనందున రాలేదని నేను చెప్పను, అది ఎవరికీ తెలియదు. నాకు తెలిసినది ఒక్కటే. అవసరములో నా ఇంటివాడు నన్ను ఒకటి అడిగాడు. అది నా దగ్గర బాగుగా ఉన్నది. బాగుగా ఉన్నందుననే నేను ఇయ్యలేదు.

తరువాత వాడు కష్టపడి మరియొక చోట స్థిరపడ్డాడు. 2009లో వాని పెండ్లి. పెద్దమామగా నేను ముందు నిలబడవలెను. ఎన్నో ఏండ్ల తరువాత ఆ పెట్టె తెరిచాను. రబ్బరు పట్టీ వేడికి కరిగి, జిగురై, పట్టు మీద అడ్డముగా గోధుమ రంగు గీత వేసియున్నది. మడత పెట్టిన చోట పోగులు చిట్లియున్నాయి. నేను మేనల్లునికి చెప్పిన అబద్ధము నిజమై కూర్చున్నది. దీనిని నేను శిక్ష అనను. రబ్బరు గుణము అంతే, పట్టు గుణము అంతే. గాలికి తీయక, మడత మార్చక ఉంచితే ఎవరి పట్టైనా అంతే అవుతుంది. మా అమ్మ తన చీర విషయములో ఎరిగినదానిని, చదువుకొన్న నేను నా టై విషయములో మరచిపోయాను.

పెండ్లి ముగిసిన మరుసటి వారము నేను వాని దగ్గరకు పోయి జరిగినది జరిగినట్లు చెప్పి, క్షమించుమని అడిగాను. వాడు నవ్వి, "అదెప్పుడో మరిచిపోయినా మామా" అన్నాడు. కొంచెము ఆగి, "నీలం మీద సన్న తెల్ల గీతలది గదా" అన్నాడు. నేను రంగు చెప్పనే లేదు.

ఆ నాటి నుండి నేను ఈ విధముగా ఆలోచిస్తున్నాను. దాచుట అనగా సిద్ధముగా ఉంచుట. టై ముడత పడకుండా ఉంచేది కట్టుకొనవలసిన దినమున అది పనికి రావలెనని. ఆ దినము వచ్చినప్పుడు కూడ, ముడత పడుతుందని బయటికి తీయకపోతే, నేను టైని దాచుట లేదు, టై నన్ను దాచుకొంటున్నది.

అలాగైతే అడిగినవారందరికి అన్నీ ఇచ్చివేయవలెనా? అలా కాదు. కొన్ని వస్తువుల పనే మూసిన పెట్టెలో ఉండడం. మా నాన్న గనిలోకి దిగేటప్పుడు తీసుకొన్న ఇత్తడి టోకెను నా దగ్గర ఉన్నది. దానిని ఎవరికీ అరువియ్యను. మా మనుమలకు తాతను జ్ఞాపకము చేయడమే దాని పని, ఆ పని అది చేస్తున్నది. కాబట్టి తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అనేది ప్రశ్న కాదు. ఈ వస్తువు తన పని చేస్తున్నదా, లేక నా భయము దాని పనిని ఆపుతున్నదా అని అడగవలెను. ఇచ్చినది పాడై రావచ్చును, అసలు రాకపోవచ్చును. ఆ నష్టము ఉన్నది. దానిని లెక్కలో వేసుకొనే ఇయ్యవలెను.

తోలు పెట్టెను తీసివేశాను. మా వీధి వడ్రంగి చేత ఒక కొయ్య పట్టీకి ఆరు మేకులు కొట్టించి ముందుగదిలో బిగించాను. దాని మీద నా టైలు, ఇతరులు తెచ్చి ఇచ్చినవి వ్రేలాడుతూ ఉంటాయి. ఇంటర్వ్యూకు పోయే పిల్లలు వచ్చి తమకు నచ్చినది తీసుకొని పోతారు. ముడి రానివారికి నేను అద్దము ముందు నిలబెట్టి నేర్పుతాను, విప్పడం కూడ నేర్పుతాను. ఇంతవరకు రెండు తిరిగి రాలేదు. ఒకటి టీ మరకతో వచ్చింది. ఒకటి ముడి విప్పకుండానే వచ్చింది, ఆ పిల్లవానిని కూర్చోబెట్టి మరల నేర్పాను.

వాటిలో ఏ ఒక్కటీ ఇప్పుడు పూర్తిగా నున్నగా లేదు. మీ ఇంటిలో కూడ అలాగే దాచిన పెట్టె ఏదైనా ఉంటే, ఈ వారము ఒకసారి తెరిచి చూడండి.