గీత గీసిన కుర్రాడు

కంప్యూటర్లు ఇంకా రాని రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు ఉండేది. ఏ బేరమైనా ముందు చిట్టాలో పెన్సిల్‌తో రాయాలని షావుకారు ఆచారం పెట్టాడు. రైతు పేర జమ, వ్యాపారి పేర ఖర్చు, కొట్టుకు కమీషన్... అన్నీ పడ్డాకే పేజీ అంతా సిరాతో దిద్ది అడుగున గీత గీయాలి. బేరం చెడితే రబ్బరుతో పేజీ మొత్తం చెరిపేయాలి. సగం రాసిన పేజీ మిగలకూడదు.

ఒకరోజు 120 టిక్కీల బేరం వచ్చింది. పెద్ద గుమాస్తా జమా ఖర్చులు రాస్తూ, హమాలీ కూలి లెక్క కొత్త కుర్రాడికి అప్పగించాడు.

"అయ్యాక గీత గీయాలా బాబాయ్?"

"పని అయ్యాక గీత గీయాలని ఎన్నిసార్లు చెప్పాన్రా!"

కుర్రాడు కూలి లెక్క తేల్చి, ఆచారం ప్రకారం పేజీ అంతా సిరాతో దిద్ది గీత గీశాడు. వాడి పని వాడికి పూర్తయింది మరి. ఈలోగా వ్యాపారి ఇంకో టిక్కీ విప్పించి చూశాడు. అడుగున అన్నీ తాలు కాయలే. వద్దని వెళ్ళిపోయాడు. గుమాస్తా రబ్బరు తీసుకుని వచ్చేసరికి పేజీ నిండా సిరా. ఆ జమ చూపించి రైతు అప్పటికే డబ్బు తీసుకుని బండెక్కేశాడు.

"పేజీ తెరిచిందెవరు?" అన్నాడు షావుకారు.

"నేనేనండి."

"మూసిందెవరు?"

గుమాస్తా నోరు మెదపలేదు.

మర్నాటి నుంచి ఆచారం మారింది. మధ్యలో పని అందుకున్నవాడు మార్జిన్‌లో ఒక చుక్క పెట్టి మొదలుపెట్టాలి. లెక్క తప్పితే ఆ చుక్క దాకా చెరుపుకోవచ్చు, పైన ఉన్నది ముట్టుకోకూడదు. సిరాసీసా మాత్రం పేజీ తెరిచినవాడి దగ్గరే ఉంటుంది.

ఆవర్జా దగ్గర ఇంకో తగాదా. చూసేవాళ్ళు ఎందరైనా కూర్చోవచ్చు, రాసేటప్పుడు ఒక్కడే ఉండాలి. ఇద్దరు గుమాస్తాలు చూస్తామని కూర్చుని, చూశాక ఇద్దరూ రాద్దామనుకున్నారు. "నువ్వు లేస్తే నేను రాస్తా" అంటే "నువ్వే లే" అంటూ భోజనాల వేళ దాకా అలాగే ఉన్నారు. రాసే ఉద్దేశం ఉన్నవాడు కూర్చునే ముందే చెప్పాలన్నాడు షావుకారు.

నీతి: ట్రాన్సాక్షన్ తెరిచిన ఫంక్షనే దాన్ని మూయాలి. రాయబోయేవాడు ఆ మాట మొదట్లోనే చెప్పాలి.

ఇందులో ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో తీరు. నడుస్తున్న ట్రాన్సాక్షన్ మధ్యలో మళ్ళీ స్టార్ట్ ట్రాన్సాక్షన్ అంటే మైఎస్‌క్యూఎల్ చడీచప్పుడు లేకుండా పాతదాన్ని కమిట్ చేసేస్తుంది. అచ్చం ఆ కుర్రాడే. పోస్ట్‌గ్రెస్ ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది, తర్వాత లోపలి ఫంక్షన్ కమిట్ అంటే బయటిది కూడా ఖాయమైపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లోపలి కమిట్ లెక్కను ఒకటి తగ్గిస్తుందంతే, కానీ లోపల మామూలు రోల్‌బ్యాక్ అంటే బయటిదాకా అంతా పోతుంది. ఎస్‌క్యూఎల్‌లైట్ మాత్రం కుదరదని ఎర్రర్ విసురుతుంది. నా మటుకు నాకు ఆ ముక్కుసూటితనమే నచ్చుతుంది.

మార్జిన్‌లో చుక్క పేరు సేవ్‌పాయింట్. జాంగోలో అటామిక్ బ్లాకులు ఒకదానిలో ఒకటి పెడితే, అన్నిటికంటే బయటిది అసలు ట్రాన్సాక్షన్ అవుతుంది, లోపలివి సేవ్‌పాయింట్లవుతాయి.

చదువుతూ చదువుతూ రాయాలనుకునేవాళ్ళకి ఎస్‌క్యూఎల్‌లైట్‌లో దెబ్బ తగులుతుంది. మామూలు బిగిన్ రైట్ లాక్ తీసుకోదు. వాల్ మోడ్‌లో మీరు చదివాక మరొకరు రాసి ఉంటే, మీ రాతకు బిజీ ఎర్రర్ వస్తుంది. అక్కడ ఎంతసేపు ఆగినా లాభం లేదు, ట్రాన్సాక్షన్ మొదటి నుంచి మొదలెట్టాల్సిందే. రాయాలని ముందే తెలిస్తే బిగిన్ ఇమ్మీడియట్ వాడాలి.

కోడ్‌లో ఈ కట్టుబాటును మనుషుల జ్ఞాపకానికి వదలకుండా టైపులకే అప్పగించొచ్చు. చదివే ఫంక్షన్‌కు రీడ్ హ్యాండిల్ ఇచ్చినా రైట్ హ్యాండిల్ ఇచ్చినా సరిపోవాలి. రాసే ఫంక్షన్ రైట్ హ్యాండిలే అడగాలి, రీడ్ హ్యాండిల్ ఇస్తే కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ఆ రెండు హ్యాండిళ్ళలోనూ కమిట్ అనే మెథడే ఉండకూడదు.

ఇక ఆ కొట్టే ఈ రోజుల్లో కంప్యూటర్ మీద నడిస్తే, రైతుకు వెళ్ళే ఎస్ఎంఎస్ సంగతి. మధ్యలో పంపేస్తే ఏ రోల్‌బ్యాకూ దాన్ని వెనక్కి తేలేదు. జాంగోలో ఆన్ కమిట్‌కు అప్పజెబితే బయటి కమిట్ అయ్యాకే అది కదులుతుంది. లోపలి సేవ్‌పాయింట్ వెనక్కి పోతే, ఆ బ్లాకులో అప్పజెప్పిన ఎస్ఎంఎస్ కూడా దానితోపాటే రద్దవుతుంది.