పైవాడి నీళ్లు, కిందివాడి హక్కు

మదీనా శివార్లలో హర్రా అనే నల్లరాతి నేల ఉంది. వానలు కురిసినప్పుడు అక్కడి నుంచి పారే కాలువలతో జనం తమ ఖర్జూరపు తోటలు తడుపుకునేవారు. హజ్రత్ జుబైర్ (రజి) తోట ఎగువన ఉండేది, ఒక అన్సారీ సోదరుని తోట దిగువన ఉండేది. నీళ్లు ఆపకుండా వదలాలని అన్సారీ పట్టుబట్టాడు. తగవు దైవప్రవక్త (స) ముందుకు వచ్చింది. ముందు నీ తోట తడుపుకొని, తర్వాత పొరుగువానికి వదిలిపెట్టమని ఆయన జుబైర్‌కు చెప్పారు. జుబైర్ తన పూర్తి హక్కు వాడుకోకుండా, దిగువవానికి వెసులుబాటు కలిగేలా చెప్పిన మాట అది. అన్సారీ అది గ్రహించక, మేనత్త కొడుకని పక్షపాతం చూపారని అనేశాడు. ప్రవక్త (స) ముఖవర్ణం మారింది. అప్పుడాయన జుబైర్‌కు అతని పూర్తి హక్కు ఇచ్చి, గట్ల దాకా నీరు నిలుపుకోమన్నారు. ఈ ఉదంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

మన ప్రసంగాల్లో దీన్ని విధేయత పాఠంగా చెబుతుంటాం. అది సబబే. అయితే ధర్మవేత్తలు దీని నుంచి నీటి న్యాయం కూడా తీశారు. మదీనాలోని మహ్‌జూర్ వాగు విషయంలోనూ ఇలాంటి తీర్పే ఉంది: చీలమండల దాకా నీరు నిలిచాక ఎగువవాడు దిగువకు వదలాలి. అంటే ఎగువవానికి ఉన్నది ముందు వాడుకునే వంతు మాత్రమే, నీటిపై యాజమాన్యం లేదు. అతడు వదిలేది దయతో ఇచ్చే దానం కూడా కాదు. అది కిందివాని హక్కు.

ఇక ఈ తీర్పును పట్టుకొని మూసీ ఒడ్డుకు వద్దాం. ఉర్దూ పుస్తకాల్లో ఇది రూద్-ఎ-మూసా, పాత కథల్లో ముచికుందా నది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, 1920లో కట్టిన గండిపేట చెరువులో ఆగి, నగరం దాటి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. మన హైటెక్ సిటీ ఈ నదికి ఎగువ భాగంలో ఉంది. అక్కడ పనిచేసే యువకులను అడిగి చూడండి, తాము ఒక నదీ పరీవాహకంలో బతుకుతున్నామన్న సంగతి నూటికి ఒక్కరికైనా తెలిస్తే ఆశ్చర్యమే. మాదాపూర్, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ నిన్నమొన్నటి దాకా పొలాలున్న పల్లెలు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకు ముందు అక్కడి రైతుకు తూము ఎప్పుడెత్తుతారో, అలుగు ఎటు పారుతుందో తెలుసు. ఏ మడికి ఎంతసేపు నీరు పెట్టాలో చూసేందుకు నీరటి ఉండేవాడు. హర్రా తీర్పు పేరు వినకపోయినా ఆ తీర్పును రోజూ అమలు చేసినవాడు ఆ నీరటే. భూములు అమ్ముడుపోయాక అతని పని పోయింది, పనితో పాటు ఆ లెక్క కూడా పోయింది.

హజ్రత్ హుసేన్ షా వలీ (రహ్మతుల్లాహి అలైహి) సంగతే తీసుకోండి. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో హుసేన్ సాగర్ కట్టించింది ఆయనే, ఆ పేరూ ఆయనదే. దానికి మూసీ నీళ్లు తెచ్చేందుకు శంకర్‌పల్లి వైపు బుల్కాపూర్ నుంచి కాలువ తవ్వారు. కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మణికొండ మీదుగా, అంటే ఇవాళ్టి ఐటీ భవనాల మధ్య నుంచే, ఆ నీళ్లు నడిచి వచ్చేవి. ఆ కాలువను ఇప్పుడు బుల్కాపూర్ నాలా అంటున్నాం. నాలా అంటే మన నోట ఇప్పుడు మురికికాలువ అనే అర్థం. ఆయన దర్గాకు చెందిన మణికొండ భూముల వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2022లో ప్రభుత్వం పక్షాన తేలింది. ఆ ఎకరాల లెక్క మనవాళ్లలో చాలామందికి కంఠతా వచ్చు. ఆయన తెచ్చిన కాలువ ఎక్కడ పూడిపోయిందో చెప్పగలవారు ఎందరు?

గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాలను కట్టింది 1908 సెప్టెంబరు వరద తర్వాత. వేలాది ప్రాణాలు తీసిన ఆ తుగ్యానీలో ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకున్నారు. ఆ రెండు జలాశయాలు కలుషితం కాకుండా 1996లో వచ్చిన 111వ జీవో 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు నిషేధించింది. దాన్ని ఎత్తివేయాలని 2023 మే నెలలో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఆ రైతుల్లో చాలామంది సంతోషించారు. వారిని దురాశాపరులని తిట్టడం నాకు న్యాయంగా తోచదు. లాభం ఎవరిదో భారమూ వారే మోయాలన్నది ఫిఖహ్ సూత్రం. పాతికేళ్లకు పైగా భారం మోసింది ఆ పల్లెలు, నీళ్లు తాగింది నగరం. ఆ ఇన్నేళ్లలో నగరం వారికి తగిన పరిహారం ఇచ్చిందా? కనీసం వారి ఊళ్ల పేర్లయినా తెలుసుకుందా? నిషేధం ఉండాలనే నా అభిప్రాయం, దాని ఖర్చు మాత్రం తాగేవాడు చెల్లించాలి.

ఇక దిగువకు వెళితే విషయం ఇంకా బరువైనది. నాగోలు దాటాక మూసీ వెంట పల్లెల్లో కత్వలు కట్టి ఆ నీటితోనే వరి, పశుగ్రాసం పండిస్తున్నారు. వేసవిలో నదిలో పారేది చాలావరకు నగరం వదిలిన మురుగే. ఆ గడ్డి తిన్న గేదెల పాలు తిరిగి నగరానికే వస్తాయి. నది పక్క బోరునీళ్లలోనూ ఈ కాలుష్యం ఉందని పరిశోధకులు ఏళ్ల తరబడి చెబుతున్నారు. నీరు శుద్ధమైనదా కాదా అని తేల్చడానికి మద్రసాలో తొలి ఏడాదే మూడు గుర్తులు చెబుతారు: రంగు, రుచి, వాసన. మలినం కలిసి వీటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీటితో వుజూ చెల్లదు. మూసీలో మూడూ మారాయి. తన తాత వుజూ చేసిన నది పక్కనే ఇల్లున్నా, మనవడికి అదే నదిలో వుజూ కుదరదు.

హర్రా తగవులో ప్రశ్న నీళ్లు ఎంత వదలాలన్నది. మన కాలంలో ఎలాంటి నీళ్లు వదులుతున్నామన్న ప్రశ్న కూడా చేరింది. నీళ్లు ఆపేసిన ఎగువవాడే దోషి అయితే, వాటిని చెడగొట్టి పంపేవానికి ఏ సాకు మిగులుతుంది? ఆపినవాడు తోట ఒక్కటే ఎండబెట్టాడు. చెడగొట్టినవాడు పొలంతో పాటు పశువునూ బావినీ కూడా పాడుచేశాడు.

నా మురుగు ఎటు పోతుందో నాకు తెలియదు, నేను రెండేళ్లకు అద్దెకు వచ్చినవాణ్ణి అంటారు కొందరు. నీటిపై బాధ్యత యజమానికి మాత్రమే పరిమితం కాదు, వాడుకున్న ప్రతి ఒక్కరికీ ఉంది. తెలుసుకునే వీలుండి తెలుసుకోని వాని అజ్ఞానాన్ని ధర్మం అంత తేలిగ్గా మన్నించదు. ఈ మాట మనకూ వర్తిస్తుంది. బక్రీదు సాయంత్రం వ్యర్థాలను సంచుల్లో కట్టి నాలాలో పడేసే మన బస్తీ అలవాటు ఏ ఖుర్బానీ నియమంలో ఉంది?

నది ఒడ్డున తోటలు, దీపాలు పెట్టే పథకాలను నేను కాదనను. అయితే 2024లో నదీగర్భంలోని పేదల గోడలపై ఎర్ర అక్షరాలు రాసినంత వేగంగా, ఎగువన మురుగు కలిసే గొట్టాలపై ఎవరూ గుర్తులు వేయలేదు.

పాత నీరటి కుటుంబాలు మణికొండ, నార్సింగి వైపు ఇంకా ఉన్నాయి. మాదాపూర్ మస్జిదుల్లో జుమా నమాజుకు వచ్చే యువకులు ఒక ఆదివారం వారిలో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని బుల్కాపూర్ కాలువ జాడ వెంట నడిస్తే బాగుంటుంది. తిరిగి వచ్చాక తమ అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో రెండు ప్రశ్నలు అడగాలి: మన మురుగుశుద్ధి యంత్రం రాత్రిళ్లు నడుస్తోందా, దాని గొట్టం ఏ నాలాలో కలుస్తోంది?