రెండు గడ్డిమోపుల మధ్య

మొన్న శనివారం మా అక్క కూతురు "పాత పుస్తకాలు కొనాలి, తోడు రా పిన్నీ" అంటే కోఠీ వెళ్లాను. పుస్తకాలు వంక మాత్రమేనని సుల్తాన్ బజార్ చేరేసరికే తెలిసిపోయింది. దానికి పీహెచ్‌డీలో రెండు సీట్లొచ్చాయి. ఒకటి ఎకనామిక్స్‌లో, ఒకటి మేనేజ్‌మెంట్‌లో. రెండూ ఒకే యూనివర్సిటీలోనే. 1974లో అబిడ్స్‌లో సరోజినీ దేవి గారింట్లో మొదలై తర్వాత గచ్చిబౌలి తరలిపోయిందే, అందులో.

"ఏది చేరమంటావు?"

"అసలు రెంటికీ తేడా ఏమిటే?" అన్నాను.

అది బట్టల కొట్ల వైపు చెయ్యి చూపింది. "ఇన్ని కొట్లు ఒకదాని పక్కన ఒకటి ఎందుకున్నాయి అంటే ఎకనామిక్స్. వీటిలో ఆ మూడో కొట్టుకే జనం ఎందుకు ఎగబడుతున్నారు అంటే మేనేజ్‌మెంట్."

పోటీదారులు పక్కపక్కకే ఎందుకు చేరతారో 1929లోనే హోటెలింగ్ అనే అమెరికా ఆయన వ్యాసం రాశాడట. మనల్నడిగితే చెప్పేవాళ్లం కాదూ, నాలుగు కొట్లు తిరిగి బేరమాడాలంటే దగ్గరగా ఉండాలని!

రెండు గడ్డిమోపులూ సమానంగా ఉంటే ఎటూ తేల్చుకోలేక ఆకలితో చచ్చిన గాడిద కథ గుర్తొచ్చింది. పైకి అనలేదు. ధైర్యం చెబుదామని ఎలినార్ ఆస్ట్రమ్ సంగతెత్తాను. 2009లో అర్థశాస్త్రానికి నోబెల్ అందుకున్న మొదటి మహిళ. ఒకప్పుడు ఆవిడని అర్థశాస్త్రం పీహెచ్‌డీకే తీసుకోలేదు, లెక్కలు చాలవన్నారు. ఆడపిల్లకి ట్రిగనామెట్రీ ఎందుకని స్కూల్లోనే వద్దన్నారు మరి! ఆవిడ రాజనీతిశాస్త్రంలో చేసింది.

"ఆవిడకి ఒక తలుపు మూసేశారు పిన్నీ. నాకు రెండూ తెరిచారు. అదే నా బాధ."

జవాబు తోచలేదు. నడుస్తూ ఉమెన్స్ కాలేజీ గేటు దాకా వచ్చాం. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైంది గాని, నేను చదివింది అందులోనే. నాకు బి.కాం. మీద ఆశ. నాన్నగారు ఫారంలో బి.ఏ. అని రాసేశారు. నలభై ఏళ్లుగా, ఇంటి పద్దులు ముందేసుకున్నప్పుడల్లా ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, అందులో ఎంత సుఖముందో! తప్పు నాది కాదుగా.

దీనికా సుఖం లేదు. వాళ్ల నాన్న "నీ ఇష్టమమ్మా" అని తప్పుకున్నాడు. అందుకే నా దగ్గరకొచ్చింది. దానికి కావలసింది సలహా కాదు, రేపు పశ్చాత్తాపం వస్తే అందులో వాటా పుచ్చుకునే మనిషి. ఆ వాటా తీసుకోవడం ప్రేమా, తీసుకోకపోవడం ప్రేమా? నోరు విప్పకపోతే, పిన్నికి పట్టలేదనుకుంటుంది. విప్పి ఒకటి చెప్పానా, ఇక దాని బతుకులో నేనే మా నాన్నగారిని.

"నన్నడక్కే" అన్నాను చివరికి. మొహం చిన్నబుచ్చుకుంది.

తిరిగొస్తూ ఆ మూడో కొట్లోకి తీసుకెళ్లాను. నేను చీరలు చూస్తుంటే అది అరగంట సేపు కొట్టాయన్ని ఊపిరాడనివ్వలేదు. పక్క కొట్టు ధర తగ్గిస్తే మీరూ తగ్గిస్తారా? తగ్గించకపోయినా జనం వస్తారా? ఎందుకొస్తారు? అలిగిన సంగతే మరిచిపోయింది.

అది ఎకనామిక్సో మేనేజ్‌మెంటో నాకైతే తెలియలేదు.