కలిమియు ఋణమును

ఇంగ్లీషులో కర్తవ్యమును దెలుపు ‘ఆట్’ అను క్రియకు మన బాలురు ‘వలెను’ అని యర్థము వ్రాసికొని ముందునకు సాగుదురు. పరీక్షకు అది చాలును. కాని ఆ మాట పుట్టుకను విచారించినచో ధర్మవిచారమునకు సంబంధించిన ప్రశ్న యొకటి యెదురగును.

ప్రాచీనాంగ్లమున ‘ఆగన్’ అను క్రియ కలదు. కలిగియుండుట, స్వామియై యుండుట దాని యర్థము. మన ‘ఈశ’ శబ్దమునకు మూలమైన ధాతువునకును దీనికిని పుట్టిల్లొక్కటే యని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. దాని భూతకాలరూపమే నేటి ‘ఆట్’. ఈశ్వరత్వమును జెప్పు మాట కర్తవ్యమును జెప్పుట యెట్లు సంభవించెను? బాకీపడుట యను నర్థముగల లాటిను క్రియ ‘దేబేరె’ను తమ భాషలోనికి దెచ్చుచు ఆంగ్లేయులు ‘చెల్లించుటకై కలిగియుండుట’ యని వ్రాసిరి. కాలక్రమమున ‘చెల్లించుట’ జారిపోయెను. 12వ శతాబ్దము ముగియునప్పటికి కలిగియుండుట యే బాకీపడుట యయ్యెను. ఆ లాటిను మాటయు, ఒకరినుండి తీసి యుంచుకొనుట యను నర్థమిచ్చు రెండు ముక్కల యతుకే! పిమ్మట స్వామ్యమునకు ‘ఓన్’ అను వేరొక రూపము స్థిరపడెను. నాటినుండి ఆస్తిపరుడొక మాటలోను, బాకీదారు వేరొక మాటలోను కాపురము సేయుచున్నారు. వీరు దాయాదులన్న సంగతి నిఘంటువులకు దప్ప నెవరికి జ్ఞప్తి యున్నది?

మాట పుట్టుక సత్యమునకు ప్రమాణము కాదందురా? ఒప్పుకొందును. ఐనను మన తైత్తిరీయసంహితయు, బ్రాహ్మణుడు మూడు ఋణములతో జనించునని చెప్పుచున్నది. దిగంబరుడై పుట్టిన శిశువు ఏమి పుచ్చుకొనెనని యీ బాకీ? దేహము పితరులనుండి, విద్య ఋషులనుండి లభించుటచేతనే గదా. కలిమి ముందు, ఋణము వెనుక. మంచిది. అట్లయిన, వేదము చెవిని బడరాదని శాసింపబడినవానికి ఋషిఋణ మెక్కడిది? ఏమియు నీయకుండ సేవను మాత్రము ధర్మమని వాని నెత్తిన బెట్టిన స్మృతికారులు ఏ లెక్క చూచిరో నాకు బోధపడదు.

వెట్టియు నట్టిదే. తాత తెచ్చిన యప్పునకు మనుమడు కామందు పొలమున చాకిరి చేసెను. ఆ రూకను వాడు కంట జూచి యెరుగడు. 1976 సంవత్సరపు చట్టము వెట్టిని నిషేధించి, అట్టి ఋణములను రద్దుచేసెను. దీనిని దయ యని తలచువారు కలరు. కలిగియుండనివానికి లేని బాకీని లేదనుటలో దయ యేమున్నది? మూడుతరముల చాకిరిని కలిగియున్న కామందు ఎవరికెంత బాకీపడెనో ఆ లెక్క యింకను తేలవలసియున్నది.