దేవుడు లేని గుడిలో బూట్లు విప్పాలా?

పోయిన వారం మన గండికోట వీడియో చూసే ఉంటారు. ఆ వీడియోలో లేని ఒక 12 సెకన్ల ముక్క గురించి ఇవాళ చెప్పాలి. అది కత్తిరించింది నేనే.

ముందు ఆ చోటు తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. కడప జిల్లా జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన చోట, ఆ లోయ అంచు మీదే కోట ఉంది. గండి పక్కన కట్టిన కోట కాబట్టి గండికోట. కోట లోపలి ఊరు దాటి నడుస్తూ పోతే లోయ అంచుకు చేరుకుంటాం. దూరం తక్కువే గానీ చివర్లో ఎర్రటి బండలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. చేతులు ఆనించి ఎక్కాల్సిందే. ఎక్కి చూస్తే దాదాపు 300 అడుగుల కింద పెన్నా. ఒక్క నిమిషం మాట రాదు. అక్కడికి మాత్రం మంచి గ్రిప్ ఉన్న బూట్లు లేకుండా పోకండి.

ఆ బూట్లతోనే తిరిగి వస్తూ మాధవరాయస్వామి గుడిలోకి వెళ్లాను. విజయనగర కాలపు గోపురం, శిల్పాలు చెక్కిన స్తంభాలు, అన్నీ ఉన్నాయి. గర్భగుడి మాత్రం ఖాళీ. దీపం లేదు, పూజ లేదు. కెమెరా ఆన్ చేసి చరిత్ర చెప్పడం మొదలుపెట్టాను. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచ్ వ్యాపారి ఇక్కడికి వచ్చేనాటికి కోట పెమ్మసాని నాయకుల నుంచి మీర్ జుమ్లా చేతికి వచ్చింది. గుళ్లలోని రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించే పని జరుగుతోందని ఆయన తన యాత్రా గ్రంథంలో రాశాడు. అది చెబుతుంటే నాకు కోపం వచ్చింది. "మన దేవుళ్లకు ఇంత అపచారం" అని గట్టిగానే అన్నాను.

ఇంటికి వచ్చి ఆ క్లిప్ మా అవ్వకు ఫోన్‌లో చూపించాను. మెచ్చుకుంటుందనుకున్నా. కళ్లద్దాలు సర్దుకుని చూసి, "బూట్లేసుకోనే పోయినావా లోపలికి?" అనింది.

"అక్కడ దేవుడు లేడు కదవ్వా."

"దేవుడు ఊరికి పోతే ఆయనింట్లోకి బూట్లతో పోతామా?"

నా దగ్గర జవాబులు లేక కాదు. అది పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడం, బూట్లు విప్పమని ఎవరూ అడగలేదు. ఆగమాల లెక్కలో చూసినా సాన్నిధ్యం ప్రతిష్ఠతో వస్తుంది. గుడికి మరమ్మతు చేసేటప్పుడు కళాకర్షణ చేసి, ఆ శక్తిని కలశంలోకి తీసుకుని బాలాలయంలో ఉంచుతారు కదా. అంటే రాతి గోడ, దైవం ఒకటే కాదని మన పెద్దలకే తెలుసు. వాదన బాగానే ఉంది. మరి ఆ 12 సెకన్లు ఎందుకు కత్తిరించాను? తప్పు లేదని నిజంగా నమ్మితే అలాగే వదిలేసేవాణ్ణి. ఫ్రేమ్‌లో నా బూట్లు కనిపిస్తున్నాయి, నోరేమో అపచారం గురించి మాట్లాడుతోంది. చూసేవాళ్లు ఏమనుకుంటారో అని భయపడ్డాను. ఆ భయం కూడా దేవుడి గురించి కాదు, నా పేరు గురించి.

తర్వాత భరతుడు గుర్తొచ్చాడు. అయోధ్యలో సింహాసనం ఖాళీ. రాముడు అడవిలో ఉన్నాడు, రావడానికి 14 ఏళ్లు. కూర్చోమని తల్లి అడిగింది, మంత్రులు అడిగారు. భరతుడు కూర్చోలేదు. పాదుకలను సింహాసనం మీద పెట్టి తాను నందిగ్రామంలో ఉన్నాడు. రాముడు ఎదురుగా ఉంటే ఎవరైనా తలవంచుతారు. ఆయన లేనప్పుడు ఎలా ఉన్నాం అన్నదే భరతుడికి ముఖ్యమైంది. అవ్వ చెప్పిందీ అదే కదా!

370 ఏళ్ల కిందటి పనిని నేను ఇప్పుడు మార్చలేను. దాన్ని చరిత్రగా తెలుసుకోవాలి, దాచకూడదు. కానీ ఆ కోపం నాకు ఒక సౌకర్యం ఇచ్చింది: ఎప్పుడో పోయిన మనిషి తప్పు చూస్తూ నా కాళ్ల వైపు చూసుకోకుండా ఉండటం.

మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను, రాయి కాలకముందే, పొద్దున్నే. గుమ్మం బయట బూట్లు విప్పి, ఖాళీ గర్భగుడి ముందు కాసేపు నిలబడ్డాను. కెమెరా తీయలేదు. తర్వాత ఆ దగ్గరే ఉన్న జామా మసీదు చూడ్డానికి వెళ్లి, అక్కడా విప్పాను. "ఇక్కడెందుకురా?" అన్నాడు నాతో వచ్చిన ఫ్రెండ్. ఎవరో తలవంచిన చోటు కాబట్టి అన్నాను. నా గుడికి మాత్రమే వర్తించే మర్యాద అయితే, అది నాది అనే గర్వమే గానీ భక్తి కాదేమో అనిపించింది.

అందరూ ఇలాగే చేయాలని నేను చెప్పను. మధ్యాహ్నం అక్కడి రాయి పెనంలా కాలుతుంది. పెద్దవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు పాదాలు కాల్చుకోవాల్సిన పని లేదు. గుమ్మం దగ్గరే నిలబడి దణ్ణం పెట్టుకున్నా సరిపోతుంది. బండల మీద బూట్లు ప్రాణానికి రక్ష, అక్కడ వేసుకోవడమే సరైన పని.

ఆ 12 సెకన్లను ఈ రోజు వీడియోలో తిరిగి కలుపుతున్నాను, బూట్లతో సహా. చూసి నవ్వుకోండి, పర్లేదు. మీరు గండికోట వెళ్లినప్పుడు మాత్రం ఆ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగండి.

శుభం.